కాడ్మియం ఉన్న నేలలో పాలకూర వేయొచ్చా?

ఫ్యాక్టరీ నీరు పారిన మడిలో కాడ్మియం అనే విష లోహం ఎక్కువ, పీహెచ్ (నేల ఆమ్లతను చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్ల నేల) 5.4 అని రిపోర్టు వచ్చింది, పాలకూర వేయొచ్చా అని అడిగారు. వద్దండీ. కాడ్మియాన్ని బాగా పీల్చుకునేవి ఆకుకూరలే. కడిగితే ఆకుకు అంటిన దుమ్ము పోతుంది గానీ లోపలికి చేరిన కాడ్మియం పోదు.

ముందు ఆ నీరు రాకుండా గట్టు వేయండి, లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. ఆమ్ల నేలలో ఈ లోహం వేళ్లకు సులువుగా అందుతుంది. అందుకే సున్నం వేసి పీహెచ్ 6.5 దాటించాలి. మోతాదు మట్టి పరీక్ష చేసినవాళ్లే చెప్పాలి, అంచనాగా చల్లకండి. చివికిన పశువుల ఎరువూ కొంత సాయపడుతుంది. లోహం మాత్రం నేలలోనే ఉంటుంది, కాబట్టి పీహెచ్ ఏటా చూసుకోండి. ఈలోగా పూలతోట నయం.

మళ్లీ పరీక్షకు నీరు దిగే మడవ దగ్గరి మట్టినీ అవతలి చివర మట్టినీ కలపకుండా విడివిడిగా పంపండి.