రెండో శాఖ తెరిచే పశువైద్యులకు లాయరు అవసరమా?

పెంపుడు జంతువుల క్లినిక్‌కు రెండో శాఖ తెరుస్తున్నామని, లాయరు అవసరమా అని అడిగారు. తప్పకుండా అవసరం, అదీ అద్దె ఒప్పందంపై సంతకం పెట్టకముందే.

ముందు భాగస్వామ్య పత్రం చూపించండి. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని సంస్థ ఒప్పందం కింద రావలసిన బాకీకి బయటివారిపై దావా వేయలేదు. స్నేహితులమే కదా అని రిజిస్ట్రేషన్‌ను వదిలేసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఉద్యోగం మానేసిన డాక్టరు ఎదురుగా క్లినిక్ పెట్టకూడదనే షరతును నమ్ముకోకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు.

శస్త్రచికిత్స అంగీకార పత్రం తెలుగులో రాయించండి. మత్తుమందుతో ఉండే ప్రమాదం, అంచనా ఖర్చు చదివాకే యజమాని సంతకం చేయాలి. కుక్క చనిపోయి వివాదం వినియోగదారుల కమిషన్‌కు చేరితే, మీ చేతిలో ఉండే ముఖ్యమైన సాక్ష్యాల్లో అదొకటి.