నానిన గింజకు గాలి కావాలి

విద్యారణ్యపుర, బెంగళూరు
జనవరి 9

చి. సుధకు, పెదనాన్న ఆశీర్వదించి వ్రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. మొన్న నువ్వు చెప్పిన సంగతులకు ఫోనులోనే సమాధానం చెప్పవచ్చు గాని, నోటిమాటగా చెప్పినది బాల్కనీలోకి వెళ్ళేలోపు సగం మరిచిపోతావని ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. డిసెంబరు మూడో వారంలో వేసిన అనప గింజలు కుళ్ళి వాసన కొట్టాయనీ, మిరప ఇరవై రోజులైనా తల ఎత్తలేదనీ, టమాటా మొలిచినట్టే మొలిచి ఒక్క రాత్రిలో నేలకు వాలిపోయిందనీ చెప్పి, చివరికి "నా చెయ్యి మంచిది కాదు పెదనాన్నా" అన్నావు. నీ చేతికి ఏ దోషమూ లేదు. మూడింటికీ మూడు వేరు కారణాలున్నాయి, వాటిలో రెండు మాత్రం నువ్వు ప్రేమకొద్దీ పోసిన నీళ్ళ దగ్గరే తేలతాయి. గింజ లోపల ఏముందో ఒకసారి కళ్ళారా చూస్తే మిగిలినది నీకే అర్థమవుతుంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇప్పుడు ఇక్కడ అవరెకాయల కాలం. మాగడి వైపునుంచి వచ్చిన కాయలు వీధి వీధినా కుప్పలు పోసి అమ్ముతున్నారు. మన అనంతపురంవాళ్ళకు అవి అనపకాయలే. మీ అత్తగారు పితికిపప్పు చేయడానికి గింజలు నానబెట్టినప్పుడు నాలుగు గింజలు అడిగి తీసుకొని, పితికే ముందు ఒకదానిని వెలుతురులో పట్టుకొని చూడు. ఒక అంచున తెల్లని గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. గింజ కాయను అంటిపెట్టుకొని తిండి తీసుకున్న చోటు అదే, పసివాడి బొడ్డులాంటిది, పుస్తకాలలో కూడా దానిని నాభి అనే అంటారు. ఆ గీత కొసన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. గింజను తుడిచి మెల్లగా నొక్కితే అక్కడ ఒక నీటి చుక్క మెరుస్తుంది. అది బీజరంధ్రం. ఇప్పుడు పితుకు: చేతిలో మిగిలిన తొక్క బీజకవచం, గిన్నెలో పడినది పిండం. పప్పును రెండు బద్దలుగా విడదీస్తే ఒక బద్ద అంచున చిన్న ముక్కులాంటిది వంకరగా అతుక్కొని ఉంటుంది. ఆ ముక్కు కొస బీజరంధ్రం వైపే తిరిగి ఉంటుంది. అది వేరు కాబోయే ప్రథమ మూలం. దాని రెండో కొసన, బద్దల మధ్య దాగి, మడిచిపెట్టిన రెండు లేత ఆకులు భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. అది ప్రథమ కాండం. అంటే మొక్క గింజలో అప్పటికే తయారై ఉంది. బద్దలు రెండూ ఆ మొక్క మొదటి ఆకులే, వాటినే బీజదళాలంటారు. ఎండకు ఆకులు విప్పి సొంతంగా వండుకునేదాకా మొక్కకు సరిపడే సద్దిమూట వాటిలోనే ఉంది. కందిపప్పు ఎన్నాళ్ళు నానబెట్టినా మొలవదెందుకని చిన్నప్పుడు నన్నడిగావు, గుర్తుందో లేదో. మరలో బద్దలుగా విడిపోయేటప్పుడే ఆ ముక్కు రాలిపోతుంది, సద్ది మిగులుతుంది గాని తినవలసినవాడు ఉండడు.

రాగి, వరి, జొన్నలలో ఏర్పాటు వేరు. అక్కడ ఒకే బీజదళం ఉంటుంది, సద్దిమూట దానిలో కాక పిండం పక్కన అంకురచ్ఛదం అనే పిండి నిల్వగా ఉంటుంది. కొబ్బరికాయలో నీళ్ళూ కొబ్బరీ కూడా ఆ నిల్వే. బండిమీద ముచ్చటపడి కొనుక్కునే కొబ్బరి పువ్వు, మొలకెత్తిన కాయలోపల ఆ నిల్వను పీల్చుకోవడానికి ఉబ్బిన బీజదళం తప్ప పువ్వు కాదు.

ఇక నీళ్ళ సంగతి. ఎండు గింజ మొదటి కొన్ని గంటలలో నీటిని గబగబా పీల్చుకొని ఉబ్బుతుంది. ఇది ప్రాణంతో పని లేని క్రియ, చెక్క ఉబ్బినట్టే. చచ్చిన గింజ కూడా అంతే చక్కగా ఉబ్బుతుంది. కాబట్టి ఉబ్బింది కదా అని మురిసిపోవద్దు. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. తడి తగిలిన పిండం మేలుకొని ఊపిరి తీయడం మొదలుపెడుతుంది, నిల్వ ఉన్న పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. మనం రాగులు మొలకెత్తించి ఎండబెట్టి మాల్టు చేస్తే, చక్కెర వేయకముందే ఆ పిండి తియ్యగా ఉండేది ఇందువల్లనే: పిండంనుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను వెళ్ళి గింజ అంచుపొరకు కబురు చెబుతుంది, ఆ పొర అమైలేజ్ అనే ఎంజైమును వదులుతుంది, అది పిండిపదార్థాన్ని తెగగొడుతుంది. ఇంత పనికీ ఆక్సిజన్ కావాలి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం దాదాపు 10,000 రెట్లు తక్కువ. మునిగి ఉన్న గింజకు దాహం తీరుతుంది గాని ఊపిరి ఆడదు. లోపలి చక్కెరలు బయటికి కారతాయి, వాటిమీద సూక్ష్మజీవులు విందు చేసుకుంటాయి. నీ ట్రేలో వచ్చిన వాసన అదే.

మన రైతులు మండె కట్టడం నువ్వు చూసి ఉండవు. వరి విత్తనాలను 24 గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచేసి, తడి గోనెసంచిలో మరో 24 గంటలు మూటగట్టి ఉంచుతారు. రెండో రోజు ఆ సంచిలోకి చెయ్యి దూర్చితే జ్వరం వచ్చినవాడి ఒళ్ళు తాకినట్టు వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం గింజల ఊపిరే. నీటిలో మునిగినా ఎలాగో మొలక సాగదీసుకోగల వరికే నీళ్ళు వంచి గాలి తగలనిస్తున్నారంటే, అనపకూ చిక్కుడుకూ ఎంత అవసరమో చూడు. ఇంత తెలిసిన నేనూ ఒకసారి చేతులు కాల్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన ఏడాది, ప్రాక్టికల్ తరగతికని బేసినెడు శనగలు శుక్రవారం సాయంత్రం నీళ్ళలో వేసి ఊరికి వెళ్ళి, సోమవారం తిరిగివచ్చి చూస్తే నురగకట్టి, వరండా అంతా ముక్కు మూసుకోవలసిన స్థితి. ఒక్క గింజకైనా ముక్కు పొడవలేదు.

అందుచేత నువ్వు చేయవలసినది ఇది. అనప, చిక్కుడు వంటి పెద్ద గింజలను ఒక రాత్రికి మించి నానబెట్టకు. ఉదయమే నీళ్ళు వంచి, తడిగుడ్డలో వదులుగా మూటగట్టి, ముక్కు పొడిచిన వెంటనే నాటు. పితికిపప్పు కోసం కొన్న పచ్చి గింజలు చూసి నేర్చుకోవడానికే. విత్తడానికి మాత్రం కాయలోనే ముదిరి ఎండినవి కావాలి. ట్రే అడుగున రంధ్రాలు ఉండాలి, కింద పెట్టిన పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు. కోకోపీట్‌ను, అంటే ట్రేలో నింపే కొబ్బరిపీచు పొట్టును, పిడికిలిలో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి; ధార కట్టిందంటే అది గింజకు చెరువే. మళ్ళీ నీళ్ళు పోసేది పైపొర రంగు తేలినప్పుడు, గడియారం చూసి కాదు.

మిరప విషయంలో నీళ్ళది తప్పు కాదు, చలిది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులలో ఇక్కడ 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మిరపకూ వంకాయకూ 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే పది, పన్నెండు రోజులలో మొలుస్తాయి, చలిలో ముడుచుకొని కూర్చుంటాయి. కాబట్టి ఆ ట్రేను పారవేయవద్దు. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, రోజుకొకసారి తెరిచి గాలి ఆడనిచ్చి, వంటింట్లో వెచ్చగా ఉండే మూల పెట్టు. మిరప గింజ మొలవడానికి వెలుతురు అక్కరలేదు, కాని మొదటి పచ్చని మెడ కనిపించిన పూటే బాల్కనీ ఎండలోకి మార్చాలి. ఒక్కరోజు ఆలస్యమైనా అది వెలుతురును వెతుక్కుంటూ దారంలా సాగిపోతుంది, ఆ సాగిన కాండం మళ్ళీ బలపడడం కష్టం.

గింజను దాని మందానికి రెండు మూడు రెట్ల లోతున పెడితే చాలు. తోటకూర వంటి సన్నని విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి పైన చల్లి అరచేత్తో అద్దాలి, పాతిపెట్టకూడదు. దాని సద్దిమూట అంత దూరం నడవడానికి సరిపోదు. ధనియాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: ధనియం గింజ కాదు, కాయ, లోపల రెండు విత్తనాలుంటాయి, చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా విడదీసి వేయి.

పిల్లవాడు రోజూ మట్టి తవ్వి మొలిచిందా అని చూస్తున్నాడన్నావు. వాడిని కోప్పడవద్దు, వాడి కుతూహలం చూసి నాకు సంతోషమే కలిగింది, కాని ట్రే జోలికి మాత్రం రానివ్వకు. మొదట బయటికి వచ్చేది వేరు; దాని కొసకు కాస్త వెనుక పట్టుపోగుల్లా సన్నని వేరు నూగు పుడుతుంది, ఒకసారి పెకలించితే అది తెగిపోతుంది. ఆ తరువాత అనపలో బద్దల కింది కాండం కొక్కెంలా వంగి, ఆ వీపుతో మట్టిని తోసుకుంటూ, లేత చిగురును వెనుక దాచుకొని పైకి లాగుతుంది. వెలుతురు తగిలాకే తల నిటారుగా ఎత్తుతుంది. ఆ వంపును చూసి సాయం చేద్దామని చేత్తో నిమిరినా విరిగిపోతుంది. తలమీద తొక్క టోపీలా ఇరుక్కుంటే నీళ్ళు చిలకరించి ఊరుకో, గిల్లవద్దు. కంది, శనగ, బఠాణీలలో బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, చిగురు ఒక్కటే పైకి వస్తుంది. వాటికి బద్దలు కనిపించలేదని కంగారుపడకు.

వాడికోసం ఒక గాజు గ్లాసు కేటాయించు. లోపల చుట్టూ మడిచిన టిష్యూ కాగితం పెట్టి, కాగితానికీ గాజుకూ మధ్య నాలుగు నానిన అనప గింజలను ఇరికించి, అడుగున వేలెడు లోతుకు మించకుండా నీళ్ళు పోయి. ఒక గింజను కావాలని తలకిందులుగా పెట్టమను. రెండు మూడు రోజులలో వేరు వంపు తిరిగి కిందికే దిగడం వాడు చూస్తాడు. 1806లో టామస్ నైట్ అనే ఇంగ్లండు దేశస్థుడు గింజలను నీటితో తిరిగే చక్రానికి కట్టి మొలిపించి, వేర్లు బయటివైపుకూ చిగుళ్ళు చక్రం మధ్యకూ సాగడం చూపి, మొలకకు దిక్కు చెప్పేది భూమి ఆకర్షణశక్తేనని నిరూపించాడు. వాడికి ఈ కథ చెప్పు, నాటేటప్పుడు గింజ ఏ వైపు పెట్టాలన్న నీ సందేహమూ దానితో తీరిపోతుంది.

టమాటాకు వచ్చినది నారుకుళ్ళు తెగులు. మొక్క మొదలు దగ్గర నీటితడి మచ్చ పడి, కాండం నొక్కినట్టు సన్నబడి, ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే పడిపోతుంది. అలా పడినది ఇక లేవదు. ఒత్తుగా చల్లడం, సాయంత్రం పైనుంచి తలంటినట్టు నీళ్ళు పోయడం, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే మట్టిలోని శిలీంధ్రాలకు పండుగ. మిగిలినవి ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేటట్టు పోయి, పిల్లవాడిని దూరంగా ఉంచి, చేతికి తొడుగు వేసుకొని. ఈసారి గడికి రెండు గింజలే వేసి, ఉదయం పూట, ట్రేను పళ్ళెంలో పావుగంట నిలిపి కిందినుంచి తడి పీల్చుకోనిచ్చి తీసేయి. బీజదళాలు కాక నాలుగైదు అసలు ఆకులు వచ్చాక, అంటే టమాటాకు 25 నుంచి 30 రోజులకు, కుండీలోకి మార్చవచ్చు; అప్పుడు మొక్కను ఆకు పట్టుకొని ఎత్తాలి, కాండం పట్టుకొని కాదు. ఆకు పోతే ఇంకొకటి వస్తుంది.

విత్తనాల పొట్లం కొనేటప్పుడు బొమ్మ కాదు, వెనుక ఉన్న పరీక్ష తేదీని చూడు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం టమాటా నూటికి 70, మిరప 60 మొలిస్తే చాలు. కాబట్టి మొలవని ప్రతి గింజకూ నిన్ను నువ్వు నిందించుకోకు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క వికాస్ టమాటా అయితే పండునుంచి గింజ తీసి మళ్ళీ వేసుకోవచ్చు. అర్క రక్షక్ సంకర రకం, దాని గింజ తల్లిని పోలదు. మిగిలిన గింజలను బాగా ఆరబెట్టి, బిగుతు మూత సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. తేమా వేడీ కలిస్తే గింజ నిద్రలోనే ముసలిదైపోతుంది.

సంక్రాంతి వెళ్ళిన మరుసటి ఆదివారం మీ పెద్దమ్మా నేనూ అటు వస్తాము. అప్పటికి ట్రేకు రంధ్రాలు పొడిచి ఉంచు, పిల్లవాడి గ్లాసులోని గింజలను మాత్రం ఎవరూ కదపవద్దని చెప్పు. తలకిందులుగా పెట్టినదానిని నేనూ చూడాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న