నర్సింగ్ విద్యార్థులకు సీనియర్ల తోడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను నర్సింగ్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలలో పీర్ మెంటరింగ్, అంటే సీనియర్ విద్యార్థులే మెంటర్లుగా జూనియర్లకు తోడుండే పద్ధతి, మొదలుపెట్టి, మొదటి సంవత్సరం విద్యార్థులిద్దరిని నాకు అప్పగించారు. నా మార్కులు అంతంతమాత్రమే. నేను చెప్పే మాటలో తప్పుంటే అది రోగి దాకా వెళ్తుందేమోనని భయంగా ఉంది. అసలు వాళ్ల కోసం నేను చేయవలసిందేమిటి?

జవాబు: రోగి గురించి మీకున్న భయం అవసరమైనదే గానీ, మార్కుల గురించిన బెంగ అనవసరం. నర్సు నైపుణ్యం ఎదిగే తీరును అమెరికన్ నర్సింగ్ పండితురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో ఐదు దశలుగా వివరించారు. కొత్తగా చేరినవారు నియమాలను పట్టుకుని నడుస్తారనీ, నిపుణులైనవారు నియమాలను ఒక్కొక్కటిగా తలచుకోకుండానే పరిస్థితిని మొత్తంగా గ్రహిస్తారనీ అందులో చెప్పారు. అందువల్లనే ఏళ్ల తరబడి పనిచేసిన నర్సుకు తన పనిని విడమరచి చెప్పడం ఒక్కోసారి కష్టమవుతుంది. మీరు ఆ తొలి దశను దాటి ఎంతో కాలం కాలేదు కనుక, ఎక్కడ తడబడతారో మీకింకా గుర్తుంది. మెంటర్‌కు కావలసిన ముఖ్యమైన అర్హత, నా దృష్టిలో, అదే.

బీపీ చూడటాన్నే తీసుకుందాం. చేతికి చుట్టిన కఫ్ (పట్టీ) నుంచి గాలి వదులుతున్నప్పుడు ధమనిలో వినిపించే శబ్దాలను రష్యన్ వైద్యుడు కొరోట్కాఫ్ 1905లో వివరించారు. వాటి గురించి జూనియర్ చదువుకునే వస్తుంది, అయినా స్టెతస్కోప్ పెట్టగానే ఏమీ వినిపించడం లేదంటుంది. అప్పుడు పాఠం మళ్లీ చెప్పకండి, ఆమె చేతులను గమనించండి. చెవిలో పెట్టుకునే కొసలు ముక్కు వైపు కాకుండా వెనక్కి తిరిగి ఉన్నాయేమో, స్టెతస్కోప్ బిళ్ల (డయాఫ్రమ్) ధమని మీద నుంచి జరిగి కఫ్ కిందికి దూరిందేమో, గాలిని సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున కాకుండా ఒక్కసారిగా వదిలేస్తోందేమో చూడండి. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లోకి గాలి ఎక్కిస్తూ, నాడి అందకుండా పోయిన అంకెకు మరో 30 కలిపి అంతవరకు గాలి ఎక్కించమనండి. వినిపించలేదని చెప్పడానికి సిగ్గుపడి, చార్టులో 120/80 అని రాసి ఊరుకునేవారు ఉంటారు. వినిపించకపోవడం తప్పు కాదనీ, ఊహించి రాయడమే తప్పనీ మీ జూనియర్లకు మొదటి వారంలోనే తెలియాలి. ఇదే మాట ట్యూటర్ నోట వస్తే మందలింపులా ధ్వనిస్తుంది, మీరు చెబితే నమ్ముతారు.

ఇక హద్దుల సంగతి. ఇంజెక్షన్, క్యాథెటర్, మందు మోతాదు లెక్క వంటివాటిని స్కిల్స్ ల్యాబ్‌లో ఎన్నిసార్లయినా కలిసి సాధన చేయండి. వార్డులో రోగి మీద చేసేటప్పుడు మాత్రం పర్యవేక్షణ ట్యూటర్‌దో, బాధ్యత గల నర్సుదో కావాలి, మీది కాదు. మీకు తెలియని ప్రశ్న ఎదురైతే ‘పద, వెళ్లి అడుగుదాం’ అనండి. అడగడం ఎలాగో కూడా వాళ్లు అలాగే నేర్చుకుంటారు.

జూనియర్‌కు వాడిన సూది గుచ్చుకుంటే, తిట్లు పడతాయన్న భయంతో ముందుగా మీకే చెప్పవచ్చు. గాయాన్ని పిండకుండా సబ్బుతో, నీళ్లతో బాగా కడగమని చెప్పి, వెంటనే వార్డు బాధ్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమని తేలితే వాటిని వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. కాబట్టి ‘రేపు చెబుదాంలే’ అన్న ఓదార్పు ఇక్కడ హాని చేస్తుంది. మీతో చెప్పుకున్న సొంత విషయాలు మీ దగ్గరే ఉంటాయనీ, రోగికి గానీ తనకు గానీ ప్రమాదమున్న విషయాన్ని మాత్రం దాచలేరనీ మొదటి రోజే చెప్పి ఉంచండి. తర్వాత చెబితే నమ్మకద్రోహంలా తోస్తుంది.

ప్రశ్న: నేను మొదటి సంవత్సరం విద్యార్థిని. మా మెంటర్ అక్క తన పాత నోట్సు ఇచ్చి చదువుకోమంది. అంతకుమించి మాట్లాడదు. సందేహం అడిగితే ఇంత చిన్నది కూడా తెలియదా అంటుందేమోనని వెనకాడుతున్నాను.

జవాబు: నోట్సు ఇవ్వడంతో తన పని అయిపోయిందని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. మీకు అక్కరలేదనుకునీ ఊరుకుని ఉండవచ్చు. ‘ఏదైనా సాయం చేయండి అక్కా’ అంటే ఆమెకూ ఏం చేయాలో తోచదు. ‘రేపు పడక స్నానం చేయించాలి, రోగికి ఇబ్బంది కలగకుండా దుప్పటి ఎలా కప్పాలో ఒకసారి చూపిస్తారా?’ అని అడిగి చూడండి. ఇలా ఒకటి రెండుసార్లు అడిగినా విసుక్కుంటే, లేదా మీచేత సొంత పనులు చేయించుకుంటుంటే, మెంటర్‌ను మార్చమని సమన్వయకర్తను అడగండి. అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: నేను నర్సింగ్ అధ్యాపకురాలిని. వచ్చే ఏడాది ఈ పద్ధతి ప్రవేశపెట్టాలనుకుంటున్నాము. జూనియర్ల పురోగతిపై మెంటర్లు నివేదిక ఇచ్చేలా, దానికి కొన్ని మార్కులు ఉండేలా చూడవచ్చా?

జవాబు: వద్దండి. మెంటర్ చేతిలో మార్కులున్న రోజు నుంచి జూనియర్ తనకు రానిదాన్ని దాచడం మొదలుపెడుతుంది. మూల్యాంకనం మీ దగ్గరే ఉంచుకోండి. మెంటర్ల నుంచి కలిశారా లేదా అన్న సమాచారం చాలు. ఈ పని మీ బోధనకు ప్రత్యామ్నాయం కాదనీ, ట్యూటర్ల కొరతను సీనియర్లతో పూడ్చరాదనీ కూడా ముందే నిర్ణయించుకోండి.

మెంటర్లకు ముందుగా కొంత శిక్షణ ఇవ్వండి. అందులో పాఠ్యాంశాల కంటే వినడం, నొప్పించకుండా తప్పు చూపడం, ఏ విషయాన్ని ఎవరికి చేరవేయాలో తెలుసుకోవడం ముఖ్యం. కలుసుకునే తేదీల్లో కొన్నింటిని మీరే నిర్ణయించండి. మొదటి వార్డు పోస్టింగ్‌కు ముందు రోజు, ఆ పోస్టింగ్ ముగిసిన వారం, ప్రాక్టికల్ పరీక్షకు ముందు వీటిలో ఉండాలి. తాను చూసుకున్న రోగి చనిపోయినప్పుడు విద్యార్థి మనసులో ఏముందో ట్యూటర్‌కు చాలాసార్లు తెలియదు, ఎందుకంటే ఆ వేళ వార్డులో అందరూ పనిలో మునిగి ఉంటారు. ఆ రోజు సాయంత్రమే జూనియర్‌ను కలవమని మెంటర్లకు చెప్పి ఉంచండి. ఆ బరువు మెంటర్ మీదే పడకుండా, వాళ్లు వెళ్లి మాట్లాడగలిగే అధ్యాపకులొకరిని నియమించండి. ఈ సమావేశాలకు టైమ్‌టేబుల్‌లోనే గంట కేటాయించండి, లేకపోతే మెంటర్లకు పరీక్షలు దగ్గరపడగానే అవి ఆగిపోతాయి.