రాడ్ వేసినా అతుక్కోని ఎముకకు షాక్ వేవ్ పనిచేస్తుందా?

మీ నాన్నగారికి మోకాలి కింద ఎముక విరిగి, రాడ్ వేసి నెలలు గడిచినా అతుక్కోలేదని, షాక్ వేవ్ చేయిస్తే ఉన్న ఎముక కూడా దెబ్బతింటుందేమోనని అడిగారు. మియాపూర్‌లో బండి మీంచి పడ్డ మా తమ్ముడికీ ఇదే పరిస్థితి వచ్చింది.

ముందు ఆ భయం వదిలేయండి. ఇందులో ఒంట్లోకి కరెంటు పోదు, పోయేది ఒత్తిడి తరంగం. కిడ్నీ రాళ్లు పగలగొట్టడానికి 1980లో మ్యూనిక్‌లో మొదట వాడింది దీన్నే. ఆ తరంగాలు తగిలిన చోట ఎముక కట్టే కణాలు చురుకవడం తర్వాత పరిశోధనల్లో బయటపడింది. అక్కడ కొత్త రక్తనాళాలు కూడా పుడతాయి. ఆగిపోయిన అతుకు మళ్లీ కదిలేది అలాగే.

మా వాడికి మత్తు ఇచ్చి చేశారు. కాలు కాస్త కమిలి, వాచి తగ్గిపోయింది. కష్టమంతా ఆ తర్వాత ఎదురుచూడటంలోనే. మొదటి ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు, అమ్మ అన్నం కూడా సరిగా తినలేదు. తర్వాత తీసిన దాంట్లో విరిగిన గీత పక్కన పలచటి మబ్బులా తెల్లగా కనిపించింది. డాక్టరు గారు పెన్నుతో చూపించి "ఇదే కొత్త ఎముక" అన్నారు. ఆ మాటకి మా ప్రాణం లేచొచ్చింది.

అయితే ఇది అందరికీ పనిచేయదు. విరిగిన ముక్కల మధ్య ఖాళీ అయిదు మిల్లీమీటర్లు దాటినా, రాడ్ వదులైనా ఫలితం తక్కువ. లోపల చీము ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఇవన్నీ అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. సిగరెట్ అలవాటుంటే మాన్పించండి, షుగర్ అదుపులో పెట్టించండి. ఈ రెండూ అతుకుని వెనక్కి లాగేస్తాయి.

మెషీన్ ఏదో కూడా కనుక్కోండి. ఫిజియోథెరపీ సెంటర్లలో మడమ నొప్పికి వాడే రేడియల్ రకం పైపైనే పనిచేస్తుంది. దీనికి లోతుకు వెళ్లే ఫోకస్డ్ రకం కావాలి. మా కాలనీ దగ్గర ఒకచోట గుల్లబారిన ఎముకలు కూడా దీంతో గట్టిపడతాయని ప్యాకేజీ చెప్పారు, నాకు చాలా కోపం వచ్చింది. ఎముకలు గుల్లబారితే వాటి గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించి, డాక్టరు రాసిన మందులే వాడాలి.

వెళ్లేటప్పుడు మొదటి రోజు నుంచి తీసిన ఎక్స్‌రేలన్నీ తేదీల వారీగా పట్టుకెళ్లండి. ఒకవేళ దీంతో అతుక్కోకపోయినా, వేరే చోటి ఎముక తెచ్చి అక్కడ పెట్టే బోన్ గ్రాఫ్ట్ ఆపరేషన్‌కి దారి మూసుకుపోదు.