గుడ్డు ఎక్కడ దొరికిందో ముందు రాయి

అనంతపురం

చిరంజీవి శ్రీలతకు ఆశీస్సులు.

మనుషుల, పశువుల రక్తనాళాల్లో బతికే పరాన్న పురుగులైన షిస్టోసోమాల జాతులను గుడ్లను బట్టి గుర్తించడంపై నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అయితే మొదటి పేరాలోనే వాటిని రక్తపు జలగలు అన్నావు. నేనూ ఒకప్పుడు అదే మాట రాశాను. అది చదివిన బుక్కరాయసముద్రం రైతు ఒకాయన, గురక పెడుతున్న తన ఎద్దు ముక్కులో జలగ దూరిందనుకొని మూడు రోజులు ఉప్పునీళ్లు పోశాడు. చెరువులో మూతి పెట్టిన పశువుకు నిజం జలగ పట్టడమూ ఉన్నదే గనుక తప్పు ఆయనది కాదు, నా మాటది. ముక్కుపొర సిరల లోపల ఆడా మగా జంటగా కాపురముండే సన్నని పురుగులని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది.

తర్వాత పశువైద్యుడు ఆ ఎద్దు చీమిడిని క్షారంలో కలిపి, జిగట విరిగాక అడుగున తేరిన మడ్డిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. పుస్తకాలు అందులో కనబడే పురుగు గుడ్డును బూమరాంగ్‌తో పోలుస్తాయి గానీ నాకు కొడవలే తోచింది. 1933లో ఎం.ఏ.ఎన్. రావు వర్ణించిన షిస్టోసోమా నేసేల్ అదే. పశువుల పేగుల సిరల్లో ఉండే మరో జాతి స్పిండేల్ గుడ్డు పేడలో వస్తుంది, కదురులా పొడుగ్గా ఉంటుంది. ఈ రెండింటి పిల్లదశనూ మోసేది ఒకే నత్త, ఇండోప్లానార్బిస్ ఎక్జస్టస్. కాబట్టి కుంటలో నత్త కనబడినంత మాత్రాన జాతి పేరు తేలదు.

మనుషుల సంగతికి వస్తే, మూత్రంలో కనబడే హెమటోబియం జాతి గుడ్డుకు ముల్లు కొసన ఉంటుంది, మలంలో కనబడే మాన్సోనై జాతి గుడ్డుకు పక్కన ఉంటుంది. మనుషుల్లోని ఈ పురుగును 1851లో కైరోలో జర్మన్ వైద్యుడు బిల్హార్జ్ కనుగొన్నా, ఇవి రెండు వేర్వేరు జాతులని 1915లో బ్రిటిష్ శాస్త్రవేత్త లీపర్ ఈజిప్టు నత్తలతో ప్రయోగాలు చేసి నిరూపించేదాకా వాదన తెగలేదు.

నీ మూడో పేరా మాత్రం నాకు మింగుడుపడలేదు. మనిషిలో దొరికితే మనిషి జాతి, పశువులో దొరికితే పశువు జాతి అని తేల్చేశావు. మనిషి మలమనుకొన్న నమూనాలోని గుడ్లను చూసి 1926లో చాండ్లర్ అనే శాస్త్రవేత్త ఇన్‌కాగ్నిటం అనే కొత్త జాతిని ప్రకటించాడు. తీరా అది పందుల పురుగని తేలింది. కోర్సికా దీవిలో 2013లో ఏటిలో ఈతకు దిగినవారికి సోకినది మనిషి హెమటోబియం, పశువుల బోవిస్ కలిసిన సంకరం. అటువంటి చోట గుడ్డు ఆకారం చాలదు, డీఎన్‌ఏ చూడాలి. అందులోనూ మైటోకాండ్రియా జన్యువు తల్లివైపు నుంచే వస్తుంది గనుక అదొక్కటే చూస్తే తండ్రి జాతి దాగిపోతుంది. కణ కేంద్రకంలోని జన్యువునూ జతచేసి చూడాలి. ఈ సంగతికి నీవు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు, నత్తల అందానికి మాత్రం పేజీన్నర ఇచ్చావు.

ఆ పేజీన్నర తగ్గించు. ప్రతి గుడ్డు బొమ్మ కిందా ఏ ప్రాణి, ఏ నమూనా, ఎన్ని మైక్రాన్లు అన్నది రాసి, మూడో పేరా మళ్లీ రాసి పంపు.

నీ మేలుకోరే,
మామయ్య