బావ పెట్టిన మెసేజ్, తమ్ముడు వదిలేసిన గ్రూప్

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. తమ్ముడు ఇండియానాపోలిస్ పక్కన ఫిషర్స్‌లో ఉంటాడు. మా ఆయనకు న్యూయార్క్ బాస్కెట్‌బాల్ టీమ్ నిక్స్ పిచ్చి, వాడికి ఇండియానా టీమ్ పేసర్స్ పిచ్చి. నిక్స్ ఆటగాడు జాలెన్ బ్రన్సన్ గొప్పా, పేసర్స్ ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ గొప్పా అని రెండేళ్లుగా మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. మొదట్లో సరదాగానే ఉండేది. 2025 జూన్‌లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో హాలిబర్టన్ కాలు పట్టుకుని పడిపోయిన రాత్రి మా ఆయన ‘పాపం, బావమరిదీ వాళ్ల హీరో ఇద్దరూ ఇక బెంచ్ మీదే’ అని గ్రూపులో పెట్టారు. అప్పటికి తమ్ముడు ప్రాజెక్ట్ అయిపోయి, కొత్తది దొరక్క నెలన్నరగా బెంచ్ మీద ఉన్నాడు. మారుమాట లేకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. బావ ఫోన్ అసలు ఎత్తడు, నాది ఎత్తినా ‘ఊ, ఆ’ అని పెట్టేస్తాడు. వాడి ఉద్యోగం సంగతి తెనాలిలో అమ్మకు ఆ మెసేజ్ చూశాకే తెలిసింది, రోజూ ఏడుపే. ఈమధ్యే వాడికి కొత్త ప్రాజెక్ట్ దొరికిందట, అదీ వాడి రూమ్మేట్ భార్య చెబితే తెలిసింది. పిట్స్‌బర్గ్ గుడిలో మా పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలి. మొదటి కత్తెర మేనమామ వేయాలి, వాడేమో రానంటున్నాడు. ‘జోక్ వేశాను, అంతకు ముందేడు బ్రన్సన్ చెయ్యి విరిగితే వాడు నవ్వలేదా’ అంటారు మా ఆయన. ఇద్దరినీ ఎలా కలపాలి?

జవాబు: వాళ్లిద్దరి రాజీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒకటి చెప్పండి. తమ్ముడు బెంచ్ మీద ఉన్నాడని కన్నతల్లికే తెలియనప్పుడు మీ ఆయనకు ఎలా తెలిసింది? మీరు చెబితేనే కదా. వాడు అమ్మకు కూడా చెప్పకుండా అక్కకు చెప్పుకున్నాడు, అక్క బావ చెవిన వేసింది, బావ దాన్ని తీసుకెళ్లి పిన్నీ బాబాయిలూ, పెదనాన్న పిల్లలూ అందరూ ఉన్న గ్రూపులో పెట్టేశాడు. ఆ ‘ఊ, ఆ’ బావ మీది కోపమేనని మీరు అనుకుంటున్నారు. నాకైతే అందులో మీ వాటా తక్కువేమీ కాదనిపిస్తోంది. కొత్త ప్రాజెక్ట్ వచ్చిందన్న మంచి మాట కూడా మీకు రూమ్మేట్ భార్య నోటి నుంచి తెలిసిందంటే, ఇక నా సంగతులు అక్కకు చెప్పకూడదని వాడు ఎప్పుడో అనేసుకున్నాడు.

భర్తకు చెప్పకూడదా అని అడుగుతారేమో. చెప్పొచ్చు, ఎవరొద్దన్నారు. కానీ చెప్పేటప్పుడు ‘ఇది అమ్మకు కూడా తెలియదు, బయట అనకండి’ అన్నారా? అనకపోతే ఆయన దాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే అనుకుని ఉండొచ్చు. అన్నా కూడా పెట్టారంటే మాత్రం ఆయన తప్పు మీరు రాసినదానికన్నా చాలా పెద్దది. రెండింటిలో ఏది నిజమో మీ ఉత్తరంలో లేదు, కానీ మీకు తెలుసు. అది మీ భార్యాభర్తలు తలుపేసుకుని తేల్చుకోవలసిన విషయం, తమ్ముడి ముందు పెట్టకండి.

బెంచ్ అంటే ఏమిటో ఎడిసన్‌లో ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున లేస్తే వెండర్ల ఫోన్లు, మధ్యాహ్నం క్లయింట్ ఇంటర్వ్యూ, సాయంత్రానికి ‘పొజిషన్ హోల్డ్‌లో పెట్టారు’ అన్న కబురు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడైతే ఆ ఉద్యోగం కాస్తా పూర్తిగా పోయిందంటే మామూలుగా ఉండే గడువు 60 రోజులు, ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, కాదంటే సామాను సర్దుకోవాలి. ఇంత టెన్షన్‌లో ఉన్న కుర్రాడికి రాత్రి టీవీలో తన ఊరి టీమ్ ఆడే ఆ రెండున్నర గంటలు ఎంత పెద్ద ఊరటో ఒక్కసారి ఆలోచించండి. అందులోనూ ఆ ఏడాది ఆట అలాంటిది మరి!

ఆ ఏప్రిల్‌లో ఒక పత్రిక పేర్లు బయటపెట్టకుండా ఆటగాళ్లనే అడిగితే, ‘ఓవర్‌రేటెడ్ ఎవరు’ అన్న ప్రశ్నకు హాలిబర్టన్ పేరే ఎక్కువమంది చెప్పారు. మీ ఆయన ఆ వార్తను గ్రూపులో ఎన్నిసార్లు పెట్టి ఉంటారో నేను ఊహించగలను. ఆ తర్వాత అదే మనిషి మిల్వాకీ టీమ్ మీద 1.3 సెకన్లు మిగిలుండగా, క్లీవ్‌లాండ్ మీద 1.1 సెకన్లు మిగిలుండగా షాట్ వేసి గెలిపించాడు. మే 21న మీ న్యూయార్క్ గడ్డ మీద, మూడు నిమిషాలు కూడా లేవనగా నిక్స్ 14 పాయింట్లు ముందున్నారు. ఆఖరి క్షణంలో హాలిబర్టన్ వేసిన బంతి రింగు వెనక భాగానికి తగిలి అంతెత్తు లేచి, అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా లోపల పడింది. త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) అనుకుని గెలిచేశామని గొంతు పట్టుకుని సైగ కూడా చేశాడు, తీరా చూస్తే కాలు గీత మీద ఉంది, రెండే పాయింట్లు, ఓవర్‌టైమ్. అయినా 138-135తో పేసర్సే గెలిచారు. అదే రాత్రి బ్రన్సన్ 43 పాయింట్లు కొట్టి ఓడిపోయాడు, మీ ఆయన ఆ రాత్రి నిద్రపోయి ఉండరు. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో ఓక్లహోమా మీద మళ్లీ 0.3 సెకన్లుండగా షాట్ వేసి గెలిపించాడు. ఆ మ్యాచ్ మొత్తంలో పేసర్స్ ముందున్నది ఆ 0.3 సెకన్లే.

ఇక మీ ఇంట్లో అసలు వాదన. మీ ఆయన తప్పకుండా ఫైనల్స్ ఐదో మ్యాచ్ ఎత్తుతారు: ఆరు షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, మొత్తం నాలుగే పాయింట్లు. తమ్ముడు అది పిక్క పట్టేసిన కాలితో ఆడిన ఆట అంటాడు, అదీ నిజమే. ఆ కాలితోనే ఆరో మ్యాచ్‌లో 23 నిమిషాలు ఆడి 14 పాయింట్లు చేసి గెలిపించాడు, ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీలు వేశాడు, అంతలో మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగి నేలను అరచేత్తో బాదుతూ పడిపోయాడు. టీమ్ 103-91తో ఓడింది, 2025-26 సీజన్ మొత్తం ఆడడని ఆ తర్వాత ప్రకటించారు. నన్నడిగితే నిక్స్‌తో ఆడిన ఆ సిరీస్ మటుకు హాలిబర్టనే ఒక మెట్టు పైన, నాలుగో మ్యాచ్‌లో 32 పాయింట్లు, 15 అసిస్టులు, 12 రీబౌండ్లు, బంతి ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. అయితే ఆఖరి నిమిషాల్లో ఎదురుగా మనిషిని పెట్టుకుని తనంతట తాను షాట్ పుట్టించాలంటే నేను బ్రన్సన్ చేతికే బంతి ఇస్తాను. ఆఖరి నిమిషాల్లో మ్యాచ్ నిలబెట్టేవాడికిచ్చే క్లచ్ ప్లేయర్ అవార్డు ఆ ఏడాది ఆయనకు ఊరికే ఇవ్వలేదు. ఒకడు పాస్‌తో నడిపిస్తాడు, ఇంకొకడు స్కోర్‌తో లాక్కొస్తాడు, ఆట నడిపించే పాయింట్ గార్డులే ఇద్దరూ. ఇది చదివి మీ ఇంట్లో నన్ను రెండువైపులా తిట్టుకున్నా ఫర్వాలేదు. ఆ ఆటగాళ్లిద్దరూ 2023 వరల్డ్ కప్‌లో అమెరికా జట్టులో కలిసే ఆడారు, ఆ మరుసటేడు న్యూయార్క్‌లో ఒక రెజ్లింగ్ షోలో చెరోవైపు నిలబడి ఉత్తుత్తి గొడవ పడి జనాన్ని నవ్వించారు కూడా. కొట్లాట మీ గ్రూపులోనే మిగిలింది.

ఇదంతా ఎందుకు రాశానంటే, వాళ్ల వాదన పనికిమాలినదని మీరు అనుకోకూడదని. మీ ఉత్తరంలో ఆ ధోరణి కనిపించింది నాకు. ఇద్దరికీ అది ఇష్టమైన విషయం, రెండేళ్లపాటు వాళ్లిద్దరినీ మాట్లాడించింది అదే. బావా బావమరుదుల మధ్య ఆ మాత్రం వేళాకోళం లేకపోతే ఆ వరస దేనికి? హాలిబర్టన్ ఓవర్‌రేటెడ్ అన్నందుకు మీ ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు. ఆయన చెప్పాల్సింది ఆ ఒక్క మెసేజ్‌కి.

‘వాడు నవ్వలేదా’ అన్న మాటలోనూ న్యాయం ఉంది. 2024 మేలో న్యూయార్క్‌లో ఏడో మ్యాచ్, బ్రన్సన్ ఎడమ చెయ్యి విరిగింది, పేసర్స్ 130-109తో గెలిచారు. అప్పుడు మీ తమ్ముడు నవ్వి ఉంటే అది చెత్త పనే, నాకేమీ మొహమాటం లేదు. కానీ బ్రన్సన్ మీ గ్రూపులో లేడు కదండీ. ఆ నవ్వు చూసి బ్రన్సన్‌కు ఏం నష్టం జరగలేదు, ఆయన తల్లి తెనాలిలో కూర్చుని ఏడవలేదు. మీ ఆయన ఆటగాడి దెబ్బ మీద జోక్ వేసి అక్కడితో ఆగి ఉంటే ఇద్దరి లెక్కా సరిపోయేది. ఆయన దాన్ని ఇంటి కుర్రాడి బతుకుతెరువుకు ముడిపెట్టారు, అందరి ముందూ. బామ్మర్ది బతుకు కోరతాడని మనవాళ్ల సామెత, బావ కూడా కోరితేనే దానికి అందం.

హాలిబర్టన్ వాళ్ల నాన్న సంగతి మీ ఆయనకు తెలిసే ఉంటుంది. మిల్వాకీ మ్యాచ్ గెలిచిన ఊపులో ఆయన కోర్టులోకి దిగి, కొడుకు బొమ్మ ఉన్న టవల్ పట్టుకుని అవతలి టీమ్ స్టార్ యానిస్ మొహం ముందు ఊపాడు. కొడుకే అందరి ముందూ ఆ పని నాకు నచ్చలేదన్నాడు. తండ్రి బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్ని మ్యాచ్‌లకు స్టేడియం వైపు రాకుండా ఉండిపోయి, ఆ 32 పాయింట్ల రాత్రి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ‘జోక్ వేశాను’ అనకుండా తప్పు ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే చల్లారుతుందని మీ ఆయనకు నేను చెప్పినా వింటారో లేదో, ఆయన చూసే ఆటలోంచి చెబితే వింటారేమో.

ముందు మీరు ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, వీడియో కాల్ అసలొద్దు. ‘నువ్వు నాకు ఒక్కదానికే చెప్పిన మాట నేను బయటపెట్టాను రా, దాని వల్ల అమ్మ ముందు నీ పరువు పోయింది, తప్పు నాది’ అనండి. అంతే. వెంటనే ‘బావ కూడా కావాలని అనలేదు’ అని మొదలుపెట్టకండి, ఆ ఫోన్‌లో బావ పేరే రాకూడదు. పుట్టువెంట్రుకల మాటా ఎత్తకండి. ఎత్తారంటే, కత్తెర పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి అక్క సారీ చెబుతోంది అనుకుంటాడు. వాడు ‘పర్లేదక్కా’ అంటాడు, అది పర్లేకపోవడమే. నాలుగు రోజులాగి మళ్లీ చేయండి, ఏం తిన్నావు, కొత్త మేనేజర్ ఎలా ఉన్నాడు, అలాంటివి.

మీ ఆయన చేత రాయించడం, ఆయన ఫోన్‌లోంచి మీరు మెసేజ్ పెట్టడం, ఇలాంటి రాయబారాలు మానేయండి. ఆయన తనంతట తాను ‘ఆ మాట అనకూడదు, నీ ఉద్యోగం గురించి అందరి ముందు అనడం నా తప్పు’ అని తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎత్తకపోయినా వింటాడు. గ్రూపులో అన్నారు కాబట్టి గ్రూపులోనూ ఒక ముక్క రాయాలి, ‘ఆ రోజు నేను పెట్టిన మెసేజ్ తప్పు’ అని మాత్రమే, ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తకుండా. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, తమ్ముడికి మీ తరఫు క్షమాపణ ఆయన కోసం ఆగక్కర్లేదు. మళ్లీ ఆట గురించి తిట్టుకోవాలనుకుంటే ఇద్దరూ విడిగా ఒక చాట్ పెట్టుకోమనండి, అత్తామామలూ పిన్నులూ లేని చోట ఎంతైనా అనుకోవచ్చు.

అమ్మతో మాత్రం గట్టిగా మాట్లాడాలి. ఆవిడ రోజూ ఏడ్చి ‘ఎందుకు దాచావురా’ అంటుంటే వాడు ఇంకా దాస్తాడు. ఆమె ఏడుస్తుందనే కదా ముందు దాచింది.

పిట్స్‌బర్గ్ మీకూ వాడికీ దాదాపు సమానంగా ఆరు గంటల డ్రైవ్, దూరం వంక కాదు. గుడి మెట్ల మీద ఎవరో ఒకరు ‘ఏరా, జాబ్ వచ్చిందా’ అని అడుగుతారనే వాడి భయం. వచ్చే చుట్టాలకు ఆ ప్రశ్న అడగొద్దని మీరే ముందుగా చెప్పేయండి. తమ్ముడు మెత్తబడ్డాక ‘ఫలానా రోజు అనుకుంటున్నాం, నీకు వీలవుతుందా’ అని అడగండి, పాప కోసమైనా రారా లాంటి మాటలు వాడకండి. రానంటే ముహూర్తం వెనక్కి జరపండి, ఏడాదిలోపు కుదరకపోతే మూడో ఏట తీయించే ఇళ్లు బోలెడు.

ఫోన్ శనివారం పొద్దున చేయండి, కొత్త ప్రాజెక్టులో చేరినవాడికి వారం మధ్యలో ఊపిరాడదు. మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్ మాత్రం పెట్టకండి.