వాఘా గేటు దగ్గర ఆగిపోయిన పంజాబ్

అమ్మాయీ,

ఆశీస్సులు. పంజాబీల మీద నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, దాని గురించి నాకు బెంగ లేదు. నా గొడవంతా వేరే. నీ పంజాబ్ పాకిస్తాన్ సరిహద్దులో ఉన్న వాఘా గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

మొత్తం వ్యాసంలో లాహోర్ అన్న మాట ఒక్కసారే వచ్చింది. అదీ రంజిత్ సింగ్ 1799లో దాన్ని పట్టుకున్నాడని చెప్పడానికి. మిగతాదంతా పంజాబీ అంటే సిక్కు, సిక్కు అంటే తలపాగా, ఆ పైన భాంగ్రా. 2011 లెక్కల్లో మన పంజాబ్ జనాభా 2.77 కోట్లు. 2017 పాకిస్తాన్ లెక్కల్లో అటు పంజాబ్ జనాభా 11 కోట్లు. ఎవరి చరిత్ర రాద్దామని కూర్చున్నావో వాళ్లలో ఎక్కువమందిని గడప బయటే నిలబెట్టేశావు. హరప్పా అటే ఉంది. గురునానక్ 1469లో పుట్టిన ఊరూ, 1539లో కన్నుమూసిన కర్తార్‌పూరూ అటే. సూఫీ కవి బుల్లేషా ఊరు కసూర్ అటే. ఐదు నదుల పేర్లు ముచ్చటగా వరసగా రాశావు గానీ, అందులో జీలం, చినాబ్ మన పంజాబ్ గడ్డను తాకనే తాకవు.

బాబా ఫరీద్ సూఫీ, అంటే ముస్లిం భక్తకవి. సమాధి పాక్‌పట్టన్‌లో. ఆయన పద్యాలు సిక్కుల పవిత్రగ్రంథం గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి. ఇంత సంగతిని నువ్వు బ్రాకెట్లో పెట్టి వదిలేశావు! భాష గురించీ అంతే. ఇటువాళ్లు గురుముఖిలో రాస్తారు, అటువాళ్లు ఉర్దూ లిపిలాంటి షాముఖిలో. ఫోన్లో అయితే అమృత్‌సర్ మనిషీ లాహోర్ మనిషీ గంటసేపు హాయిగా కబుర్లాడుకోగలరు. అదే సొంత లిపిలో మెసేజ్ పెట్టుకుంటే చాలామంది చదువుకోలేరు. రెండు ఊళ్ల మధ్య దూరం యాభై కిలోమీటర్లు.

నీ వ్యాసంలో దేశవిభజన ఒక్క పేరా. 'లక్షలాదిమంది నిరాశ్రయులయ్యారు' అని రాసి, కింద ఒక కన్నీటి చుక్క పెట్టి ముందుకెళ్లిపోయావు. అక్కడ కాస్త కూర్చోవలసింది. కనీసం ఒక అరవై ఏళ్లు వెనక్కి జరిగి మొదలుపెట్టు. ఇంగ్లీషువాళ్లు పడమటి పంజాబ్‌లో, పశువులు మేపుకునే బీడు భూముల్లోకి కాలవలు తవ్వించారు. 1892లో దిగువ చినాబ్ కాలవ పారింది. జలంధర్, అమృత్‌సర్, హోషియార్‌పూర్ వైపు ఇరుకు కమతాల రైతుల్ని తీసుకెళ్లి అక్కడ భూములిచ్చారు. కొత్త ఊళ్లకి పేర్లు పెట్టే ఓపిక కూడా లేదు, నంబర్లేసి 'చక్' అన్నారు. భగత్ సింగ్ పుట్టింది అలాంటి ఊళ్లోనే, లాయల్‌పూర్ జిల్లా చక్ నంబర్ 105లో. ఆయన పుట్టిన 1907లోనే ఆ కాలవ కాలనీల రైతులు సర్కారు చట్టాల మీద తిరగబడ్డారు. ఆయన బాబాయి అజిత్ సింగ్‌నీ, లాలా లజపతిరాయ్‌నీ బర్మాలోని మాండలేకి పంపించేశారు.

1947కి వచ్చేసరికి చూడు. తాతలు ఎడ్లబండ్లెక్కి పడమరకి వెళ్లి బీడుని పొలం చేశారు. మనవలు అవే బండ్లెక్కి తూర్పుకి తిరిగొచ్చారు. ఇటునుంచి ముస్లిం రైతులు అటు వెళ్లారు. సరిహద్దు గీత ఎక్కడో ఆగస్టు 17 దాకా బయటపెట్టలేదు. స్వతంత్రం వచ్చిన రెండు రోజులకీ మా ఊరు ఏ దేశంలో ఉందిరా అని అడుక్కోవలసిన గతి. హిందువులూ సిక్కులూ అక్కడ వదిలొచ్చిన భూమి సుమారు 67 లక్షల ఎకరాలు, వాళ్లకి ఇక్కడ దొరికింది సుమారు 47 లక్షలు. దాంతో అందరి వాటాలోనూ కోత పెట్టారు, పెద్ద ఆసామికి పెద్ద కోత. నీటిపారుదల ఉన్న ఎకరమూ మెట్ట ఎకరమూ ఒకటి కావు కాబట్టి 'స్టాండర్డ్ ఎకరం' అని ఒక కొలత తయారుచేశారు. హరితవిప్లవం గురించి నువ్వు రాసిన మూడు పేజీలకి పునాది ఇక్కడుంది. వీరుల గడ్డ, కష్టజీవులు అన్న మాటలు అప్పుడు నీకు అక్కర్లేదు.

ఇంకో సంగతి. 'అనాదిగా' అన్న మాట ఏడుచోట్ల వాడావు, లెక్కపెట్టాను. నీ వయసులో నేనూ ఇలాగే, పంజాబీలు వేదకాలం నుంచీ ఆవాలకూర, మొక్కజొన్న రొట్టె తింటున్నారని ఓ వారపత్రికకి రాసి పారేశాను. అచ్చయింది కూడా. పదిరోజులకి ఎవరో పెద్దాయన దగ్గర్నుంచి పోస్టుకార్డు: 'నాయనా, మొక్కజొన్న అమెరికా ఖండాల పంట. ఋషులకి ఎవరు తెచ్చిచ్చారు?' సంతకం లేదు. ఆ వారం నేను ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఫుల్కారీ గురించి 'రంగురంగుల ఎంబ్రాయిడరీ' అని తేల్చేశావు. ఒక పాత ఫుల్కారీ దొరికితే తిరగేసి చూడు. ముతక ఖద్దరు, ఇటుకరంగు. పేనని పట్టుదారంతో, నేతపోగులు లెక్కపెట్టుకుంటూ, వెనకవైపు నుంచి కుట్టేవాళ్లు. పువ్వు ముందువైపు తేలుతుంది, కుట్టే మనిషికి కనపడదు. అడుగు గుడ్డ అసలు కనపడకుండా నిండా కుడితే అది 'బాగ్', అంటే తోట. ఆడపిల్ల పుట్టగానే ఇంట్లో పెద్దావిడ మొదలుపెట్టేది. అంత పనిలోనూ ఒక మూల కావాలని ఒక కుట్టు రంగు మార్చేవాళ్లు, దిష్టి తగలకుండా. మన పిల్లల బుగ్గ మీద కాటుకచుక్కే అది. భటిండా వైపు 'సైంచీ' ఫుల్కారీల మీద పశువులూ నగలూ మాత్రమే కాదు, రైలుబండి కూడా ఉంటుంది. ఊరికి రైలొచ్చిందని ఆ ఆడవాళ్లు రాసిపెట్టిన కాగితం అది. నీ ఐదువేల ఏళ్ల పరిచయం కొట్టేసి ఈ రైలుతో మొదలుపెడితే నేను ఇంకా సంతోషిస్తాను.

1984 గురించి, అంటే స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లడం, ఢిల్లీలో సిక్కుల ఊచకోత గురించి, పది వాక్యాల్లో తీర్పు చెప్పేశావు. బాగా చదివాక రాయి, లేదంటే ఆ పది వాక్యాలూ తీసెయ్.

మన తెలుగువాళ్ల ప్రస్తావన ఉండాలని నువ్వు చివర్లో అతికించిన పేరా మాత్రం తీసెయ్. పంజాబీ ఢాబాలు మన హైవేల మీద ఉన్నాయన్నది సంబంధం కాదు. ఇంగ్లీషువాళ్ల మీద తిరుగుబాటుకని అమెరికా పడమటి తీరంలో పంజాబీ కూలీలు, రైతులు పెట్టుకున్న గదర్ పార్టీలో మన కనిగిరివైపు మనిషి దరిశి చెంచయ్య ఉన్నారు. 1699లో గురు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్‌లో తల ఇచ్చేవాళ్లెవరని పిలిస్తే లేచి నిలబడ్డ ఐదుగురిలో సాహిబ్ సింగ్‌ది బీదర్, మంగలి కులం. 1708లో గురువు కన్నుమూసింది నాందేడ్‌లో. బీదరూ నాందేడూ రెండూ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే.

నాందేడ్ నిజామాబాద్ మీదుగా రైల్లో ఒక రాత్రి ప్రయాణం. వెళ్లు. తల మీద చున్నీ వేసుకో. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, నేలమీద వరసలో కూర్చున్నాక రొట్టె వడ్డించేవాళ్లు 'పర్షాదా' అంటూ వస్తారు. వాళ్లు దాన్ని రొట్టె అనరు. నువ్వు రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్క చెయ్యి చాపితే, వడ్డించే కుర్రాడు ఏమీ అనకుండా అలాగే నిలబడ్డాడు, నేను రెండో చెయ్యి కూడా ఎత్తేదాకా.

మళ్లీ రాసింది పంపేటప్పుడు అచ్చు తీసి పోస్టులో పంపు. ఫోన్లో చదివితే కళ్లు మండుతున్నాయి.

ఇట్లు,
బాబాయి